వాన పడని ఆదివారాలు

మార్కాపురం వైపు వెళ్తే చూడడానికి ఏమున్నాయని ఎవరైనా అడిగితే రాతిపలకలు కోసే షెడ్లు, చెన్నకేశవస్వామి గుడి గోపురం, అక్కడి నుంచి గిద్దలూరు దాకా రైలు కిటికీలో కనిపించే నల్లమల కొండల వరస అని చెప్తాను. నేను మాత్రం వాటి కోసం వెళ్లలేదు. పోయిన అక్టోబరులో నాలుగు రోజులు ఒక మనిషిని చూడడానికి వెళ్లాను. ఆయన పేరు యోహాను. పేరు మార్చకుండా రాయమన్నది ఆయనే. ఆరేళ్ల కిందట ఆయన గురించి నేను రెండు పేజీలు రాశాను. వాటిలో యోహాను మీద రాసినదంతా అబద్ధం. ఇప్పుడు రాస్తున్నది అందుకు.

మార్కాపురం రోడ్డు స్టేషన్

గుంటూరులో పొద్దున బండెక్కాను. ప్యాసింజరు ఎక్కి ఇరవై ఏళ్లయింది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పెద్ద ఉద్యోగం నాది. రోజువారీ నిర్వహణ, బయటి సంస్థలతో పరిశోధన ఒప్పందాలు, భూములు, భవనాలు అన్నీ నా కిందే ఉండేవి. ఎక్కడికి వెళ్లినా కారు, ముందు సీట్లో పీఏ, దిగేసరికి తలుపు తీసే మనిషి. ఉద్యోగం వదిలి ఏడాది దాటింది. ఇప్పుడు నా సంచి నేనే మోసుకుంటున్నాను. అందులో రెండు జతల బట్టలు, పదకొండు నోటుపుస్తకాలు ఉన్నాయి.

వినుకొండ దాటాక నేల రంగు మారింది. మాది తెనాలి దగ్గర. మా వైపు పొలం సంగతి వస్తే ఏ కాలవ కిందదో చెప్తారు. ఇక్కడ బోరు ఎన్ని అడుగులకు పడిందో చెప్తారు.

ఎదురు సీట్లో ఉన్న ముసలమ్మ కొంగులోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి నా చేతిలో పోసింది.

"తిను నాయనా. పొద్దున ఏం తిన్నావో ఏమో."

మా వైపు రైల్లో ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, మనమెవరమో తేలాక గాని తినేది చేతిలో పెట్టరు. ఈమె పెట్టాక అడిగింది.

"నేను కంభంలో కూతురింటికి పోతాండా. నువ్వు యాడికి?"

"మార్కాపురం."

"ఎవరుండారు ఆడ?"

"ఎవరూ లేరమ్మా."

"ఎవరూ లేని ఊరికి ఎందుకు పోతాండావు మరి?"

నేను కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, వీడికేదో కష్టం ఉందనుకున్నట్టు ఇంకో గుప్పెడు పోసింది.

దిగేటప్పుడు సంచి పట్టీ తెగింది. నోటుపుస్తకాలు ప్లాట్‌ఫారం మీద చెల్లాచెదురయ్యాయి. వంగి ఏరుకుంటుంటే కిటికీలోంచి ఆమె అరిచింది. "నిదానం నాయనా! బండి పోతే పోనీ, నీ పుస్తకాలు యాడికీ పోవు."

బండి వెళ్లిపోయింది. ఆ నాలుగు రోజుల్లో నేను ఎవరన్నదీ తెలియకుండానే నా మేలు కోరిన మొదటి మనిషి ఆమె.

మార్కాపురం

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. కింద కిరాణా దుకాణం, పైన ఎనిమిది గదులు. రెండూ నడిపేది ఒక శెట్టిగారు. చింతపండు తూస్తూనే రిజిస్టరు నా ముందుకు తోశాడు.

"భూమి చూడడానికా సార్, రాయి చూడడానికా?"

"రెండూ కాదు."

"బయటోళ్లు ఈ రెంటికే వస్తారు. మూడోది నాకైతే తెల్దు."

ఉద్యోగం అన్న గడి దగ్గర నా కలం ఆగింది. రిటైర్డు అని రాద్దామంటే నేను రిటైరు కాలేదు. నాకై నేను వదిలేశాను. శెట్టిగారు తక్కెడ మీంచి చూశాడు.

"బిజినెస్ అని రాయండి సార్, అందరూ అదే రాస్తారు."

"నాకు ఏ బిజినెస్సూ లేదండీ."

"లేకపోతే ఒక గీత కొట్టండి. ఖాళీ మాత్రం వదలొద్దు. ఖాళీ వదిలితే పోలీసోళ్లు అడుగుతారు."

గీత కొట్టాను. ఇలాంటి గీతల కథే నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. అది ఇక్కడే చెప్పేస్తాను.

తర్లుపాడుకు ఆవల మా విశ్వవిద్యాలయానికి అరవై ఎకరాల మెట్ట ఉండేది. ఒక విదేశీ సంస్థతో కలిసి అక్కడ కొర్ర, సజ్జ, కంది మీద పరిశోధన కేంద్రం పెట్టాం. ఏ వానకు ఏ పంట నిలుస్తుందో ఏళ్ల తరబడి చూడడం పని. వాళ్ల షరతు ఒకటే. కేంద్రం నడిచినన్నాళ్లు ఆ భూమిని మరో పనికి వాడకూడదు. ఊళ్లోని ముప్పై మంది ఆడవాళ్లకు అక్కడ ఏడాది పొడుగునా కూలిపని ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వానమాపకం చూసి పుస్తకంలో రాసే పని యోహానుది.

మొదటి నెలలోనే యోహాను నా దగ్గరకు వచ్చాడు.

"సార్, ఆదివారం నేను పనికి రాను. గుడికి పోవాల."

వాళ్లు చర్చిని గుడి అనే అంటారు.

"మరి వాన ఆదివారం రాకుండా ఉంటుందా?" అని నవ్వాను.

"వస్తాది సార్. వచ్చినా డబ్బాలోనే ఉంటాది గదా. సోమవారం రెండ్రోజులదీ కలిపి కొలుస్తా. ఆదివారం గడిలో గీత పెడ్తా. గీత పెట్టినానంటే చూడలేదని."

"సరే, అట్లాగే కానీ," అన్నాను. కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. మాటే.

పుస్తకాలు మా ఆఫీసుకు వచ్చేవి. కంప్యూటరులో ఆ గడి గీతను తీసుకోదు, అంకె కావాలంటుంది. దాని ముందు కూర్చున్నవాళ్లు సున్నా వేస్తూ పోయారు. గీత అంటే చూడలేదని, సున్నా అంటే వాన పడలేదని. నేనది ఒకసారి చూసి, తర్వాత సరిచేయిద్దాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

పదకొండో ఏడు ఆ భూమి పక్క రోడ్డు వెడల్పు చేశారు. మా పెద్దల సమావేశంలో ఆ అరవై ఎకరాల మీదే మాట. ఏసీ గది, జీడిపప్పు పలహారం, గోడ మీద రంగుల ప్లాట్ల బొమ్మ. చివర్లో వైస్ చాన్సలర్ నా వైపు తిరిగాడు.

"కేంద్రం మూయడానికి గౌరవంగా కనిపించే కారణం ఒకటి మీరే చూడాలి. పరిశోధనా మీ కిందదే, భూమీ మీ కిందదే కదా."

ఆ వారం కంప్యూటరులోని అంకెలన్నీ ముందేసుకున్నాను. పదకొండేళ్లలో ఒక్క ఆదివారం కూడా చినుకు పడినట్టు లేదు. ఎందుకో నాకు తెలుసు. ఆదివారం గీతకు నేను ఒప్పుకున్న సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ యోహానూ. క్షేత్ర సహాయకుడు యోహాను ఇంట్లో కూర్చుని అంకెలు వేశాడని, కేంద్రం రికార్డు నమ్మదగినది కాదని రెండు పేజీలు రాసి సంతకం పెట్టాను. గీతలున్న పుస్తకాలను నా బీరువాలో పెట్టి తాళం వేశాను. విదేశీ సంస్థ ఒప్పందం వదులుకుంది. ఆ ఏడాదే నాకు ప్రమోషను వచ్చింది.

అంతటితో ఆగినా కొంత నయం. పని పోయిన ఆడవాళ్లు షెడ్డు ముందు బైఠాయించారని తెలిసి నేనే కారులో వెళ్లాను. "మీ యోహాను దొంగ లెక్కలు రాసినందుకే వాళ్లు వెళ్లిపోయారమ్మా, మేమేం చేయగలం?" అని చెప్పి వచ్చాను.

పోయిన వేసవిలో ఆ సంస్థలో ఇదివరకు పనిచేసిన ఒకామె ఫోన్ చేసింది. పాత అంకెలు చూస్తుంటే ఆదివారపు వానంతా సోమవారంలో ఉన్నట్టుందని, నాకేమైనా తెలుసా అని అడిగింది. "నాకు తెలియదు" అన్నాను. ఉద్యోగం లేదు, కుర్చీ లేదు, అడిగే వైస్ చాన్సలర్ లేడు. ఆ అబద్ధం ఎవరి కోసం చెప్పానో నాకే తెలియలేదు. మర్నాడు ఆమెకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. విశ్వవిద్యాలయానికీ రాశాను. ఆమె జవాబిచ్చింది. విశ్వవిద్యాలయం ఇవ్వలేదు.

లాడ్జిలో దిగిన పూట శెట్టిగారు చెప్పిన మెస్సులో జొన్నరొట్టె తిన్నాను. రెండు రొట్టెలు, వంకాయ కూర, పచ్చిమిరపకాయల పల్లీ కారం, యాభై రూపాయలు. కారానికి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే పక్కనున్నాయన మజ్జిగ గ్లాసు ఇటు జరిపాడు. ఎంతకాలమైందో, ఒక బల్ల మీద నా పక్కన ఎవరైనా కూర్చుని తిని.

తర్లుపాడు దాటాక

శనివారం పొద్దున కాశిం అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. సీటు వెనక నాలుగు నీళ్ల క్యాన్లు ఉన్నాయి.

"ఈడ బోరు నీళ్లు తాగితే పండ్లు గారపడ్తాయి సార్. క్యాను పదిహేను. మీ ఊళ్లో ఎంత?"

మా ఊళ్లో నీళ్లు కొనడం మొదలై పదేళ్లయినా కాలేదు, అదీ పళ్లు పాడవుతాయని కాదు, గొప్ప కోసం. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

పరిశోధన కేంద్రం ఉన్న చోట ఆటో ఆపించాను. రోడ్డు మీద ఒక కమాను, దాని మీద వెలిసిపోయిన అక్షరాలు. లోపల వరసగా పాతిన రాళ్లు. వాటిని సర్కారు తుమ్మ సగం మింగేసింది.

"ఎవరిదయ్యా ఇది?"

"ఏదో కాలేజోళ్లది సార్. ముందు పంటలు ఏస్తాన్నారు, మాయమ్మ గూడ పనికి పోయేది. తర్వాత ప్లాట్లన్నారు. ఒక్కడన్నా కొన్లేదు."

"పంటలు ఎందుకు మానేశారట?"

"యోహాను అని ఒకాయన ఉండాడు సార్. వాన పడకపోయినా పడినట్టు రాసినాడంట. దొరోళ్లు కనిపెట్టి ఎల్లిపోయినారు. దొంగవానల యోహాను అంటారు ఆయన్ని."

నేను చెప్పిన అబద్ధం ఆరేళ్లలో పెరిగి పెద్దదై తిరుగుతోంది. పేరు కూడా పెట్టుకుంది.

"ఆయన నీ ఆటో ఎక్కుతాడా?"

"ఎక్కడు సార్. తర్లుపాడు దాకా నడిచే పోతాడు. ఎక్కితే పక్కన కూర్చున్నోళ్లు ఏదో ఒకటి అంటారని."

నిజం చెప్పడానికి అది మొదటి అవకాశం. "ఓహో" అన్నాను. ఆటో కదిలింది.

యోహాను ఇల్లు

ఊరి చివర రేకుల ఇల్లు. ముందు నాలుగు మేకలు కట్టేసి ఉన్నాయి. యోహాను తుమ్మ మండలు నరుకుతున్నాడు. నన్ను చూసి కత్తి కింద పెట్టి, భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. ఆయనకు అరవై వచ్చి ఉంటాయి. నాకన్నా నాలుగేళ్లు పెద్ద.

"సారు వచ్చినాడు, నీళ్లు తీసుకురా," అని లోపలికి కేక వేశాడు, నిన్ననే వెళ్లి మళ్లీ వచ్చినట్టు.

ఆయన భార్య సంతోషమ్మ చెంబు తెచ్చి, నా ముఖం చూసి, చెంబు నా చేతికివ్వకుండా మంచం కోడు పక్కన పెట్టి వెళ్లింది.

"మీరెలా ఉన్నారు యోహానుగారూ?" అన్నాను.

"ముందు నువ్వు అంటాంటిరి గదా సార్. అట్లనే అనండి. గారు అంటే నాకు భయమేస్తాది."

పుస్తకాలు తీసి మంచం మీద పెట్టాను. ఆయన ఒకటి తెరిచాడు. ఆయన రాతే, గుండ్రంగా, కాస్త పక్కకు వాలి. ఏడు గడులకొక గీత. ఆయన వేలు ఒక గీత మీద ఆగింది. లోపలి నుంచి సంతోషమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఈ పుస్తకాల కోసమే సార్, షెడ్డు తాళం తీయమని వాచ్‌మన్ కాళ్లు పట్టుకున్నాడు ఈయన. ఇవి చూపిస్తే చాలన్నాడు. మీ కాడ ఉండాయా ఇవి?"

"నా దగ్గరే ఉన్నాయమ్మా."

"ఆరేండ్లు?"

"ఆరేళ్లు."

ఆమె మేకలకు మండలు వేయడానికి వెళ్లింది. నేను యోహానుకు మొత్తం చెప్పాను, ఆ సమావేశం, రోడ్డు, రెండు పేజీలు, ప్రమోషను. అయిపోయాక తప్పయిపోయిందన్నాను.

"నాకెందుకు సార్ చెప్తారు? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్లకు చెప్పండి."

"రేపు గుడిలో అందరి ముందూ చెప్తాను. పాస్టరుగారిని అడగనా?"

"గుళ్లో వద్దు. దేవునికీ తెలుసు." కాస్త ఆలోచించాడు. "ఆ పొద్దు మీరు చెప్పింది పనోళ్లకు. సోమవారం పొద్దున అందరూ నీళ్ల ప్లాంటు కాడ ఆటో కోసం ఉంటారు, పత్తి తీతకు పోయేదానికి. ఆడ చెప్పండి."

"రేపు ఇంటికి రానా?"

"రేపు ఆదివారం సార్."

ఆ మాట మామూలుగానే అన్నాడు. నేను తల దించుకున్నాను.

సంతోషమ్మ జొన్న సంగటి, గోంగూర పప్పు పెట్టింది. మా ఇళ్లల్లో వచ్చినవాడితో పాటు ఇంటాయన కూడా కూర్చుంటాడు. ఇక్కడ నన్నొక్కణ్నే కూర్చోబెట్టి ఇద్దరూ నిలబడ్డారు. అది ఆ ఊరి మర్యాదో, నాతో కూర్చోలేకో అడగలేదు. ముద్ద దిగడం లేదని ఆమె గమనించినట్టుంది. "తినండి సార్. అన్నం మీద కోపం లేదు మాకు," అంది.

లేస్తూ, ఇప్పటికీ వాన కొలుస్తున్నావా అని అడిగాను.

"ఎందుకు సార్? ఇప్పుడు వానొస్తే మేకల్ని లోపల కడ్తా, అంతే."

గిద్దలూరు

లాడ్జి గదిలో ఆదివారమంతా గడపలేనని పొద్దున్నే గిద్దలూరు బండెక్కాను. చూడవలసినది ఏదీ లేక ఒక ఊరికి వెళ్లడం నా జీవితంలో అదే మొదలు. కంభం దాటాక కొండలు దగ్గరికి జరిగాయి. గిద్దలూరులో స్టేషన్ దగ్గరే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేస్తారు. ముప్పై రూపాయలు. మా వైపు ఇవే మరమరాలు, పిల్లల చిరుతిండే గాని పలహారం కాదు.

స్టేషన్ బయట ఒకామె సీతాఫలాలు అమ్ముతోంది. అడవి అంచు కాయలు, చిన్నవి, కళ్లు విచ్చుకుని ఉన్నాయి. ఒకటి ఇవ్వమన్నాను.

"ఒక్క కాయ ఎవురన్నా కొంటారా అన్నా? ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కణ్నే."

"అయితే రెండు తీసుకో. ఒకటి పురుగుదైనా ఇంకోటి ఉంటాది. ఒక్కడున్నోడే జాగ్రత్తగా ఉండాల."

పది గంటలకు వాన మొదలైంది. తుంపర కాదు, కొండ మీంచి దిగి వచ్చిన వాన. ప్లాట్‌ఫారం రేకు కింద బల్ల మీద కూర్చున్నాను. గుడి నుంచి వస్తున్నవాళ్లు తెల్లబట్టల మీద యూరియా సంచులు కప్పుకుని నవ్వుకుంటూ పరిగెత్తారు. పదకొండేళ్లలో ఇలాంటి ఆదివారాలు ఎన్ని ఉంటాయో! అన్నిటినీ నేనొక్కణ్నే ఎండగట్టాను.

సోమవారం చెప్పబోయేది కాగితం మీద రాసుకున్నాను. రాసి చదివితే 'పరిపాలనాపరమైన పరిస్థితుల దృష్ట్యా' అని మొదలై ఉంది. చించి, మళ్లీ రాశాను. రెండోది 'సమాచార సేకరణలో దొర్లిన లోపం' అని మొదలైంది. ముప్పై ఏళ్లు ఆ భాషలోనే బతికాను. అందులో ఎవరూ ఏ తప్పూ చేయరు, తప్పులు వాటంతటవే జరుగుతాయి. రెండో కాగితమూ చించాను. సాయంత్రం బండి గంటన్నర ఆలస్యం. ఫోన్ ఒక్కసారి మోగింది, రీచార్జి గురించి.

కాయలు రెండూ బాగానే ఉన్నాయి.

నీళ్ల ప్లాంటు దగ్గర

సోమవారం ఆరున్నరకు ఊళ్లో దిగాను. నీళ్ల ప్లాంటు అరుగు మీద, మెట్ల మీద ఇరవై మంది దాకా ఆడవాళ్లు, పక్కన అన్నం క్యారేజీలు. నిన్నటి వానకు పత్తి తడిసింది, పనికి పోవాలా వద్దా అని మేస్త్రీ ఫోన్ కోసం చూస్తున్నారు. అరుగు నడిమధ్య కూర్చున్నామె రూతమ్మ. కేంద్రం నడిచినప్పుడు కూలీల గుంపుకు పెద్ద ఆమే. నన్ను చూసి కళ్లు చిట్లించింది.

"నువ్వు ఆ కాలేజీ సారువు గదా? కారేది?"

"కారు లేదమ్మా."

"అమ్మేసినావా?" అంది పక్కామె. కొందరు నవ్వారు.

యోహాను కాస్త దూరంలో, కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాడు. సంతోషమ్మ కొంగు కింద ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కన ఉంది.

"మీకొక సంగతి చెప్పాలని వచ్చాను," అన్నాను. "గతంలో కేంద్రం మూసివేత విషయంలో..."

"సారూ," రూతమ్మ అడ్డం వచ్చింది, "మాకర్థమయ్యేటట్ల చెప్పు. మళ్ల మేస్త్రీ ఫోనొస్తాది."

"యోహాను దొంగ లెక్కలు రాయలేదు. నేను అబద్ధం చెప్పాను."

లోపల మోటారు శబ్దం ఒక్కటే.

"ఏం అబద్ధం?" అంది రూతమ్మ.

ఆదివారాల సంగతి చెప్పాను. ఆయన నన్ను అడగడం, నేను సరేననడం, గీత సున్నా కావడం, తెలిసీ నేను దాన్ని వాడుకోవడం. సంతోషమ్మ వచ్చి పుస్తకం రూతమ్మ ఒళ్లో తెరిచి పెట్టింది. రూతమ్మ వేలితో గడులు లెక్కపెట్టింది. ఆరు అంకెలు, ఒక గీత. మళ్లీ ఆరు అంకెలు, ఒక గీత. అందరూ వంగి చూశారు.

"ఆదివారం వాన రాయలేదని మనిషిని దొంగను చేసినావా?" రూతమ్మ తలెత్తింది. "మేం గూడ ఆదివారం పనికి రాకపోతిమి గదా! మమ్మల్ని గూడ చేయకపోయినావా?"

"నన్ను చేసుంటే నేనూరుకుంటినా!" అని వెనక నుంచి ఒకామె అంది. ఈసారి నవ్వు రాలేదు.

"మరి మా పని ఎవరు తీసినట్టు?"

"మేమే. ఆ భూమి ప్లాట్లు వేయాలని."

"ఆ తుమ్మచెట్ల కోసమా?" అని ఉమ్మేసింది ఒక ముసలామె. నా మీద కాదు, పక్కకు. తేడా పెద్దగా లేదు. కొందరు తిట్టారు. ఆ తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటీ అన్యాయమైంది కాదు. రాత్రి లాడ్జిలో ఇదంతా రాసి సంతకం పెట్టిన ఉత్తరం జేబులోంచి తీసి రూతమ్మకు ఇచ్చాను. పంచాయతీలోనైనా, గుడిలోనైనా, ఎక్కడ చూపించినా ఇది నేను రాసిందేనని చెప్పమన్నాను. ఆమె చదవకుండానే పుస్తకంలో పెట్టింది. తర్వాత యోహాను వైపు తిరిగింది.

"ఏంది మామా, ఇదంతా పెట్టుకోని ఆరేండ్లు నోరు మూసుకోని ఎట్లున్నావు? ఆ పొద్దే చెప్పకపోయినావా?"

"చెప్పినా," అన్నాడు యోహాను.

"ఎవరికి?"

"నీకే. మీ ఇంటికొచ్చి చెప్పినా. నీళ్లు గూడ ఇయ్యకపోతివి." గొంతు పెంచలేదు ఆయన. "సారు కారులో వచ్చి చెప్పినాడు. నేను నడిచొచ్చి చెప్పినా."

రూతమ్మ పుస్తకం మూసింది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ ఆయన ముఖం వైపు చూడలేకపోయారు. ఫోన్ మోగింది. ఎవరో ఎత్తి, "ఈ పొద్దు తీత లేదంట," అని పెట్టేశారు. అయినా ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి రూతమ్మ తన క్యారేజీ తీసి ఒళ్లో పెట్టుకుని పక్కకు జరిగింది. ఆమె పక్కామె ఇంకొంచెం జరిగింది. అరుగు మీద ఒక మనిషి పట్టే చోటు ఏర్పడింది.

"రా మామా, కూర్చో."

యోహాను స్తంభం దగ్గరే నిలబడ్డాడు. వస్తాడో రాడో నాకు తెలియలేదు. వాళ్లకూ తెలిసినట్టు లేదు. ఆయన సంతోషమ్మ వైపు చూశాడు. చివరికి చెప్పులు విడిచి, నెమ్మదిగా వచ్చి, అరుగు అంచున కూర్చున్నాడు. రూతమ్మ నీళ్ల సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగాడు.

నేను నిలబడే ఉన్నాను. నా కోసం ఎవరూ జరగలేదు. కాసేపు అలాగే ఉండి, తర్లుపాడు వైపు నడక మొదలుపెట్టాను.